ఓటరు జాబితాకు దాతలు కావాలి

సంపాదకులకు నమస్కారం.

మన ఊళ్ళలో దాతలకు కొదవ లేదు. గుడికి గోపురం, బడికి గదులు, వీధి మలుపులో మంచినీళ్ళ ప్లాంటు, శ్మశానానికి ప్రహరీ గోడ, ఏది కావాలన్నా విదేశాల్లో స్థిరపడ్డ పిల్లలో, పదవీ విరమణ చేసిన అధికారులో ముందుకొస్తారు. ఊరి ఓటరు జాబితా బాగుపడడానికి రూపాయి ఇచ్చినవాళ్ళు మాత్రం కనబడరు. అది ప్రభుత్వం పని కదా అంటారు. నిజమే, బడి కూడా ప్రభుత్వం పనే. అయినా బల్లలు కొనిస్తున్నాం, ఫ్యాన్లు బిగిస్తున్నాం.

ఇచ్చే కొద్దిమందీ ఎన్నికల నెలలో ఇస్తారు. అయిదు కిలోమీటర్ల పరుగు, ముగ్గుల పోటీలు, చౌరస్తాలో ఫ్లెక్సీలు, చేతికి టోపీలు. ఇవి చెడ్డవని అనడం లేదు. కానీ ఓటు విలువ తెలియక ఇంట్లో ఉండిపోయేవాళ్ళకంటే, తెలిసి బూత్ దాకా వెళ్ళి, వరసలో నిలబడి, పేరు లేదని తెలిసి వెనక్కి తిరిగేవాళ్ళే మా దృష్టిలో ముందు ఆదుకోవలసినవాళ్ళు. 2018 డిసెంబరు 7న తెలంగాణ శాసనసభ ఎన్నికల రోజు ఇలా తిరిగిపోయినవాళ్ళ సంఖ్య ఎంత పెరిగిందంటే, అప్పటి ప్రధాన ఎన్నికల అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. ఆ రోజు ఎవరు ఎంత క్షమాపణ చెప్పినా ఒక్క పేరు కూడా జాబితాలోకి ఎక్కదు. ఎందుకో చెప్పాలి.

నామినేషన్లకు ఆఖరి రోజు దాటిన తర్వాత ఓటరు జాబితాలో కొత్త పేరు చేర్చడానికి 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 23వ సెక్షన్ ఒప్పుకోదు. 2024నే తీసుకోండి. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏప్రిల్ 18న నోటిఫికేషన్, 25న నామినేషన్లకు ఆఖరు, మే 13న పోలింగు. దరఖాస్తు అందాక ఏడు రోజులు నోటీసులో ఉంచాలి, బూత్ స్థాయి అధికారి (బీఎల్‌ఓ) ఇంటికి వెళ్ళి చూడాలి, ఆ తర్వాతే ఓటరు నమోదు అధికారి సంతకం. వెనక్కి లెక్కేసుకుంటూ వస్తే ఏప్రిల్ 15 దాటాక ఇచ్చిన కొత్త పేరు దరఖాస్తు, అంటే ఫారం 6, ఆ ఎన్నికకు పనికిరానట్టే. ప్రచారం వేడెక్కి, ఫ్లెక్సీలు లేచి, జనానికి ఓటు గుర్తొచ్చే వేళకు తలుపు మూసేసి ఉంటుంది. దాతల డబ్బులో ఎక్కువ భాగం ఖర్చయ్యేది ఆ తలుపు మూసిన తర్వాతే!

తలుపు తెరిచి ఉండేది మిగతా నాలుగున్నరేళ్ళు. 2022 ఆగస్టు నుంచి ఏడాదికి నాలుగు అర్హత తేదీలు, అంటే పద్దెనిమిది నిండాయో లేదో చూసే తేదీలు, వచ్చాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. పదిహేడు నిండిన పిల్లలు ముందుగానే దరఖాస్తు ఇచ్చుకోవచ్చు, పద్దెనిమిది నిండాక వచ్చే తొలి అర్హత తేదీకి పేరు ఎక్కుతుంది. ఈ సంగతి జూనియర్ కాలేజీల్లో చాలామంది పిల్లలకు తెలియదు, పాఠం చెప్పేవాళ్ళకూ తెలియదు.

మేమడిగేది మండలానికొక బల్ల. రెండు కుర్చీలు, ఒక ల్యాప్‌టాప్, స్కాన్ చేయగల ప్రింటరు, జీతం తీసుకుని ఏడాది పొడుగునా పనిచేసే ఒక మనిషి. సంత రోజున సంత దగ్గర, సాయంత్రం కూలీల అడ్డా దగ్గర, కాలేజీ చేరికల నెలలో కాలేజీ గేటు దగ్గర ఆ బల్ల ఉండాలి. ఫారాలు తెచ్చిపెట్టడం తేలిక. ఏ మనిషికి ఏ ఫారం కావాలో తేల్చడంలోనే పనితనం ఉంది.

ఎక్కువగా జరిగే పొరపాటు, ఇల్లు మారినవాళ్ళు ఫారం 6 ఇవ్వడం. ఫారం 6 మొదటిసారి నమోదయ్యేవాళ్ళది. అందులో 'నా పేరు మరెక్కడా ఓటరుగా లేదు' అని సంతకం పెడతారు. పాత ఊళ్ళో పేరుండగా ఆ సంతకం పెడితే అది తప్పుడు ప్రకటన, అదే చట్టం 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు పడే నేరం. అంత దూరం పోకపోయినా, ఒకే మనిషికి రెండు చోట్ల పేరున్నట్టు కంప్యూటరు పట్టుకుంటుంది, రెండు ఊళ్ళ బీఎల్‌ఓలు విచారణకు వస్తారు, పాత ఊళ్ళో లేడని అక్కడ తీసేస్తారు, కొత్త ఊళ్ళో కూలికి పోయి ఇంట్లో దొరకలేదని ఇక్కడా తీసేస్తారు. పాలమూరు నుంచి హైదరాబాద్‌కు, శ్రీకాకుళం నుంచి విశాఖకు వలస వచ్చినవాళ్ళ పేర్లు ఇలాగే రాలిపోతాయి. వాళ్ళకు కావలసింది ఫారం 8. ఇల్లు మారడం, తప్పుల సవరణ, కార్డు పోతే కొత్తది, వైకల్యం నమోదు, నాలుగూ దాంట్లోనే ఉన్నాయి. కొత్త చోట పేరు ఎక్కడం, పాత చోట తీసేయడం ఒకదాని వెనక ఒకటి జరుగుతాయి. కార్డు నంబరు మారదు.

పెళ్ళయిన ఆడపిల్లల సంగతి ఇంకా బాధాకరం. పుట్టింటి బూత్‌లో 'పెళ్ళయి వెళ్ళిపోయింది' అని ఎవరో చెబితే పేరు తీసేయడానికి పదిహేను రోజులు చాలు. అత్తింటి బూత్‌లో చేర్చమని అడిగే మనిషి ఉండదు. ఆమె పేరిట కరెంటు బిల్లు ఉండదు, ఆధార్‌లో తండ్రి చిరునామా ఉంటుంది. చిరునామా రుజువు భర్త పేరిట ఉన్నా చెల్లుతుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. బల్ల దగ్గర కూర్చున్న మనిషి వారానికొకసారి ఊళ్ళో జరిగిన పెళ్ళిళ్ళ వాకబు చేస్తే ఈ ఒక్క బాపతు నష్టం సగానికి తగ్గుతుంది.

అద్దె ఇళ్ళవాళ్ళకు మరో చిక్కు. రిజిస్టరు చేసిన అద్దె ఒప్పందం అడుగుతారు. మన పట్నాల్లో రాసుకునేవి పదకొండు నెలల కాగితాలు, వాటికి రిజిస్ట్రేషన్ ఉండదు. కరెంటు బిల్లు ఇంటి యజమాని పేరిట ఉంటుంది. అలాంటప్పుడు కాగితం లేదని ఫారం వెనక్కి ఇవ్వకూడదు, బీఎల్‌ఓ స్వయంగా వెళ్ళి చూసి రాయాలి. ఇల్లే లేనివాళ్ళకు కూడా దారి ఉంది. తాము పడుకునే చోటు రాసిస్తే, బీఎల్‌ఓ రాత్రిపూట అక్కడికి వెళ్ళి ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడా అని చూస్తారు. ఒకసారి కనబడకపోతే మళ్ళీ వెళ్ళాలి. కాగితం అక్కర్లేదు. ఫుట్‌పాత్‌ల మీద, బస్టాండుల్లో పడుకునేవాళ్ళలో ఈ సంగతి తెలిసినవాళ్ళు ఎందరు?

పేర్ల దగ్గర ఓపిక ఉండాలి. ఆన్‌లైన్‌లో ఇంగ్లీషులో కొట్టిన పేరును కంప్యూటరు తనకు తోచినట్టు తెలుగులోకి మారుస్తుంది. రమణ కాస్తా రామన అవుతుంది, పద్మ పద్మా అవుతుంది. ఇంగ్లీషు గడి సరిగ్గా ఉందని సబ్మిట్ నొక్కేస్తారు, పక్కనున్న తెలుగు గడి ఎవరూ చదవరు. ఇంటిపేరు ఆధార్‌లో మొత్తం ఉండి, పదో తరగతి సర్టిఫికెట్‌లో పొడి అక్షరంగా ఉంటే, ఏది పెట్టాలో ముందే తేల్చుకుని అన్ని చోట్లా అదే రాయాలి. తెలుగు గడిని పైకి చదివి, మనిషికి వినిపించి, ఆ తర్వాతే ముందుకు పోవాలి. దీనికి పట్టేది అర నిమిషం.

ఇక ఫారం 7. చేర్చడం కంటే తీసేయడం దగ్గరే ఎక్కువ కాపలా అవసరం. చనిపోయినవాళ్ళ పేర్లు, వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు తీసేయమని అదే నియోజకవర్గంలో ఓటున్న ఎవరైనా ఈ ఫారం ఇవ్వవచ్చు. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఇవి ఆన్‌లైన్‌లో లక్షల సంఖ్యలో వచ్చిపడ్డాయి. చాలావాటిలో దరఖాస్తుదారుగా ఉన్న మనిషికే తన పేరిట అలాంటిది వెళ్ళినట్టు తెలియదు, పోలీసు కేసులు పెట్టాల్సి వచ్చింది. అప్పుడు పట్టుబడింది రాశి ఎక్కువ కాబట్టి. రోజుకు నాలుగైదు చొప్పున వస్తే పట్టుకునేది ఎవరు?

పట్టుకునే సాధనం చట్టంలోనే ఉంది. దాని పేరు ఫారం 10. వచ్చిన ప్రతి ఫారం 7 వివరాలూ, అంటే ఎవరి పేరు మీద అభ్యంతరం, ఎవరు పెట్టారు, ఏ కారణం, ఈ జాబితాలోకి ఎక్కాలి. కొత్త చేర్పుల దరఖాస్తులకు ఫారం 9, సవరణలకు ఫారం 11 ఇలాంటివే. వీటిని ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైటులో పెడతారు, రాజకీయ పార్టీలకూ వారం వారం ఇస్తారు. మా బల్ల మనిషి వారానికొకసారి తన మండలం ఫారం 10 దించుకుని వరసగా చదవాలి. ఒకే అభ్యంతరదారు పేరు పది సార్లు కనబడితే ఆగాలి. ఒకే వీధి, ఒకే కులం పేట, ఒకే ఇంటి నంబరు వరసగా వస్తే ఆగాలి. 'వలస వెళ్ళారు' అని రాసిన ఇంటికి వెళ్ళి తలుపు తట్టాలి. ఆ మనిషి అక్కడే ఉంటే నోటీసు వచ్చిందా అని అడిగి, రాకపోతే అదే రోజు ఓటరు నమోదు అధికారికి రాతపూర్వకంగా ఇప్పించి రసీదు తీసుకోవాలి. నోటీసు ఇచ్చి, చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా పేరు తీయకూడదు. తీసేశారా, పదిహేను రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి అప్పీలు, అక్కడా కాకపోతే ముప్పై రోజుల్లో ప్రధాన ఎన్నికల అధికారికి రెండో అప్పీలు. ఈ గడువులు దాటిపోతే మళ్ళీ ఫారం 6 నుంచి మొదలుపెట్టుకోవలసి రావచ్చు. పార్టీల బూత్ ఏజెంట్లు కూడా ఈ జాబితాలు చూస్తారు, కానీ తమవాళ్ళ పేర్ల కోసం చూస్తారు. ఎవరివాళ్ళూ కానివాళ్ళ పేర్లు చూసే మనిషికే మేము జీతం అడుగుతున్నాం.

2025లో బీహార్‌లో జరిగిన ప్రత్యేక సవరణలో ముసాయిదా జాబితా నుంచి 65 లక్షల పేర్లు పోయాయి. ఆ పేర్లను బూత్‌ల వారీగా, తీసేసిన కారణంతో సహా బయటపెట్టమని ఆగస్టు 14న సుప్రీంకోర్టు చెప్పింది. బతికున్న మనిషి తన పేరు పక్కన 'మరణించారు' అన్న మాట చూసుకోగలిగింది ఆ జాబితా గోడకెక్కాకే. కోర్టు దాకా పోకుండా ప్రతి ఊళ్ళో ఆ పని జరగాలంటే చూసే కళ్ళుండాలి.

లెక్క చెబుతాం. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఓటర్లు 4 కోట్ల 13 లక్షలు, పోలింగ్ కేంద్రాలు 46,389. అంటే సగటున కేంద్రానికి దాదాపు 890 మంది, ఇళ్ళ లెక్కన చూస్తే మూడు వందలు. జాబితా చేత్తో పట్టుకుని ఇల్లిల్లూ తిరిగితే ఇద్దరు మనుషులు రోజుకు నలభై ఇళ్ళు చూడగలరు. అంతకు మించితే వాకిట్లోంచే అడిగి రాసుకోవడం మొదలవుతుంది, పని చెడుతుంది. ఎనిమిది రోజుల్లో ఒక కేంద్రం పూర్తవుతుంది. ప్రతి ఇంటి దగ్గరా మూడే ప్రశ్నలు: జాబితాలో ఉన్నవాళ్ళు ఇంట్లో ఉన్నారా, ఇంట్లో ఉన్నవాళ్ళు జాబితాలో ఉన్నారా, పద్దెనిమిదికి దగ్గరపడ్డ పిల్లలున్నారా. రెండో ప్రశ్న చాలామంది వదిలేస్తారు. జాబితా చూసి ఇంటికి పోతే జాబితాలో లేనివాళ్ళు ఎప్పటికీ కనబడరు, ఇల్లు చూసి జాబితాకు రావాలి. ఒకే ఇంటి నంబరు కింద ముప్పై నలభై పేర్లు కనబడితే వెంటనే దొంగ ఓట్లని కేకలు వేయకండి. నంబర్లు వేయని కాలనీల్లో అందరికీ ఒకే నంబరు పడి ఉంటుంది. వెళ్ళి చూడండి, తర్వాత మాట్లాడండి.

బీఎల్‌ఓల మీద విరుచుకుపడేవాళ్ళకు ఒక సంగతి. ఈ పనికి వాళ్ళకిచ్చే పారితోషికం ఏడాదికి 6,000 రూపాయలు ఉండేది, 2025లో 12,000 చేశారు. నెలకు వెయ్యి. అంగన్‌వాడీ పనో, సచివాలయం పనో చూసుకుంటూ వాళ్ళు ఇది చేస్తారు. మా మనిషి వాళ్ళకు తోడు వెళ్ళాలి, వాళ్ళ మీద నిఘా పెట్టడానికి కాదు. బీఎల్‌ఓకు ఊరు తెలుసు, మా మనిషికి ఫారం తెలుసు, ఇద్దరూ కలిస్తేనే పని.

నడవలేనివాళ్ళకు ఇంటి దగ్గరే ఓటు ఉంది. 85 ఏళ్ళు దాటినవాళ్ళకు, 40 శాతం, ఆపైన వైకల్యమున్నవాళ్ళకు దాన్ని కోరే ఫారం 12డి ఇస్తారు. నోటిఫికేషన్ వెలువడిన అయిదు రోజుల్లో అది రిటర్నింగ్ అధికారికి చేరాలి. ఆ అయిదు రోజుల్లో వైకల్య ధ్రువపత్రం కోసం ఆస్పత్రి చుట్టూ తిరగలేరు కాబట్టి, వైకల్యం వివరం ఫారం 8తో ఏడాది ముందే జాబితాలో ఎక్కించుకోవాలి. ఒకసారి ఇంటి ఓటు ఎంచుకుంటే బూత్‌కు వెళ్ళి వేయడం కుదరదు, ఇది ముసలివాళ్ళకు విడమరిచి చెప్పాలి. పోలింగు బృందం వచ్చినప్పుడు ఇంట్లో లేకపోతే రెండోసారి వస్తారు, మూడోసారి రారు. చూపులేనివాళ్ళు, చెయ్యి ఆడనివాళ్ళు బూత్‌కే వెళితే పద్దెనిమిదేళ్ళు దాటిన తోడు మనిషిని లోపలికి తీసుకెళ్ళవచ్చు. ఒక తోడు మనిషి ఆ రోజు ఒక్కరికే తోడు పోవాలి.

పోలింగు రోజు గురించి రెండు మాటలు. పోలింగు సిబ్బంది దగ్గరుండే 'లేరు, వెళ్ళిపోయారు, చనిపోయారు' అన్న జాబితాలో పేరున్నంత మాత్రాన ఓటు పోదు, గుర్తింపు కార్డు చూపి, ప్రకటన మీద సంతకం చేసి వేయవచ్చు. మీ ఓటు అప్పటికే ఎవరో వేసేసి ఉంటే టెండర్డ్ బ్యాలెట్, అంటే మీకు విడిగా ఇచ్చే కాగితపు బ్యాలెట్, అడగండి, అది మీ హక్కు. ఏజెంటు ఎవరైనా మీ గుర్తింపును సవాలు చేయాలంటే ముందు రెండు రూపాయలు డిపాజిట్ కట్టాలి, ప్రిసైడింగ్ అధికారి అక్కడికక్కడే తేల్చాలి. వాహనాలు పెట్టి ఓటర్లను తరలించడం, భోజనాలు, చీరలు, కానుకలు: వీటి జోలికి దాతలు పోవద్దు. ఉద్దేశం మంచిదైనా ఏదో ఒక అభ్యర్థి ఖాతాలో పడుతుంది, బల్ల మీద నమ్మకం పోతుంది.

డబ్బు ఎలా ఇవ్వాలో తెలియక ఆగేవాళ్ళున్నారు. విదేశాల్లో ఉన్నా భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కిందకు రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డుతో ఉన్నవాళ్ళు ఇస్తే అది విదేశీ విరాళమే, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉన్న సంస్థ ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే వెళ్ళాలి. 2020 సవరణ తర్వాత ఆ సంస్థ దాన్ని మరో సంస్థకు పంచలేదు కూడా. అన్నదమ్ముల్లో ఒకరికి ఈ పాస్‌పోర్టు, ఒకరికి ఆ పాస్‌పోర్టు ఉన్న కుటుంబాలు మన దగ్గర బోలెడు, ఇద్దరి డబ్బూ ఒకే ఖాతాలో కలపకండి. కంపెనీలు సామాజిక బాధ్యత కింద పెట్టే రెండు శాతం ఖర్చుకు కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో బడి ఉంది, ఆస్పత్రి ఉంది, ఓటరు నమోదు అన్న మాట లేదు. విద్య పద్దు కింద కాలేజీల్లో ఎన్నికల అక్షరాస్యతకు ఇవ్వడం వీలైన దారి. కాబట్టి ఈ పని బతకాల్సింది చిన్న మొత్తాలు నెలనెలా ఇచ్చే వ్యక్తుల మీదే. ఇచ్చేవాళ్ళు 'ఎన్ని ఫారాలు నింపారు' అని అడగకండి. నింపినవాటిలో ఎన్ని పేర్లు తుది జాబితాలో అచ్చయ్యాయో అడగండి. తిరస్కరించిన ప్రతి ఫారం పక్కనా కారణం రాసి చూపించమనండి.

మనుషుల సంగతి. ఈ దారిలో నడిచినవాళ్ళు మనవాళ్ళలోనే ఉన్నారు. జయప్రకాశ్ నారాయణ్ 1996లో ఐఏఎస్ వదిలి లోక్‌సత్తా ఉద్యమం పెట్టారు. ఆంధ్రప్రదేశ్ కేడర్‌లో పనిచేసి కేంద్ర ప్రభుత్వ కార్యదర్శిగా చేసిన ఇ.ఏ.ఎస్. శర్మ, ఎన్నికల సంస్కరణల కోసం పనిచేసే ఏడీఆర్ (అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్) సంస్థతో కలిసి వేసిన కేసులో 2014 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు రెండు పెద్ద జాతీయ పార్టీలూ విదేశీ విరాళాల చట్టాన్ని ఉల్లంఘించాయని తీర్పిచ్చింది. ఏడీఆర్ వ్యవస్థాపకుల్లో ఒకరైన జగదీప్ చోకర్ మొదట రైల్వే ఉద్యోగి, తర్వాత అహ్మదాబాద్ ఐఐఎం ఆచార్యుడు, ఆ పైన న్యాయశాస్త్రం చదివారు. అభ్యర్థులు ఆస్తులూ కేసులూ అఫిడవిట్‌లో చెప్పే పద్ధతి ఆ సంస్థ 1999లో మొదలుపెట్టిన వ్యాజ్యం వల్ల వచ్చిందే. అంత పెద్ద పనులు అందరివల్లా కావు, అక్కర్లేదు కూడా. ముప్పై ఏళ్ళు ఎన్నికల డ్యూటీలు చేసి బూత్‌లో పోలైన ఓట్ల లెక్క రాసే ఫారం 17సీని నోటికి చెప్పగల హెడ్‌మాస్టర్లు, ఊరి సర్వే నంబర్లన్నీ ఎరిగిన విశ్రాంత తహసీల్దార్లు ప్రతి మండలంలోనూ ఉన్నారు. వారానికి రెండు పూటలు బల్ల దగ్గర కూర్చుంటే చాలు. గ్రూప్ 2 రాస్తున్న పిల్లలకు కూడా ఒక మాట: డిప్యూటీ తహసీల్దారు ఉద్యోగంలో ఎన్నికల విభాగాన్ని పనిష్మెంట్ పోస్టుగా చూడకండి. తక్కిన సీట్లలో మీ సంతకంతో ఒక సర్టిఫికెట్ వస్తుంది, అక్కడ మీ పనితో ఒక మనిషి ఓటరవుతాడు.

పత్రిక ద్వారా రెండు రాష్ట్రాల ఎన్నికల అధికారులను ఒకటి కోరుతున్నాం. ఫారం 10 వెబ్‌సైటులో ఉంటే సరిపోదు. ప్రతి సోమవారం దాన్ని తెలుగులో ముద్రించి, ఆ బూత్ పరిధిలోని గ్రామ సచివాలయం, పంచాయతీ, వార్డు ఆఫీసు తలుపు మీద అంటించండి, ఏడు రోజులు తీయకండి. ఒక్కో బూత్‌కు వారానికి ఒకటో రెండో కాగితాలు అవుతాయి. ఆ కాగితం, జిగురు ఖర్చు మా మండలాల్లో మేమే భరిస్తాం. అనుమతి ఇవ్వండి.

ఇట్లు,
ఓటరు నమోదుకు సాయపడుతున్న కొందరు పౌరులు,
గుంటూరు